వంటింటి తలుపుకు అడ్డంగా

కచేరీ చెయ్యడానికి సంగీతం రావాలి. కచేరీ చేయించడానికి సోఫా ఎత్తడం రావాలి. ఈ రెండింట్లో రెండోదే కష్టమని మావారి అభిప్రాయం.

ఇంట్లో పాట పెట్టించుకుందామని బుద్ధి పుట్టిన మరుక్షణం నుంచీ ఉన్న ఇల్లు చిన్నదైపోతుంది. నిన్నటిదాకా "ఫరవాలేదు, విశాలంగానే ఉంది" అనుకున్న హాల్లో ముప్ఫైమందిని ఎలా కూచోబెట్టాలా అని లెక్కలు మొదలవుతాయి. టీపాయి బాల్కనీలోకి వెడుతుంది. డైనింగు కుర్చీలు పడగ్గదిలో ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. సోఫా మాత్రం ఏ గుమ్మంలోనూ పట్టదు. అసలది ఇంట్లోకి ఎలా వచ్చిందో ఎవరికీ జ్ఞాపకం ఉండదు. చివరికి దాన్ని గోడవారకు జరిపి, మోకాళ్ళ నొప్పులవాళ్ళ స్థానమని పేరు పెట్టేస్తే సమస్య తీరిపోతుంది. మా శ్రోతల్లో ఆ స్థానానికున్న గిరాకీ శాసనసభ స్థానానికి కూడా ఉండదు.

మేం అశోక్‌నగర్‌లో ఉంటాం. చిక్కడపల్లిలో ఇద్దరు, నారాయణగూడలో ఒకరు, మేమూ కలిసి నాలుగిళ్ళవాళ్ళం. వీలైన నెలలో ఒక శనివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో కచేరీ పెట్టించుకుంటూ ఉంటాం. ఈ సంగతి తెలిసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "పక్కనే గానసభ పెట్టుకుని ఇదేం సరదా అండీ?"

న్యాయమైన ప్రశ్నే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ 1966 నుంచీ ఉంది. పాటో, నాటకమో, పుస్తకావిష్కరణో, ఎవరికో ఒకరికి సన్మానమో జరగని సాయంత్రం అక్కడ అరుదు. ఇంకా పెద్ద హాలు కావాలంటే 1961లో తెరిచిన రవీంద్రభారతి ఉండనే ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో రైలు ఆర్టీసీ క్రాస్‌రోడ్సులోనూ, చిక్కడపల్లిలోనూ, నారాయణగూడలోనూ ఆగుతోంది కనక వెళ్ళి రావడమూ కష్టం కాదు. ఆ కుర్చీల్లో కూచుని నేను విన్న మంచి పాటకు లెక్కలేదు.

అయినా సభ సభే, ఇల్లు ఇల్లే. సభలో పాట పెట్టెల్లోంచి వస్తుంది. పాడే ఆవిడ ఒకచోట ఉంటే గొంతు ఇంకోచోట ఉంటుంది. ఇంట్లో మైకుండదు. ఆరడుగుల దూరంలో కూచుని వింటుంటే గాయని ఊపిరి ఎక్కడ తీసుకుందో తెలుస్తుంది. ఆలాపన ఎత్తుకోగానే వయొలిన్ అమ్మాయి కళ్ళెత్తి "ఇదా!" అన్నట్టు చూడటం, ఆవిడ ఓ చిరునవ్వు నవ్వి ఇంకో దారి పట్టడం, మృదంగం ఆయన లోపల్లోపలే సంతోషించడం, ఇవన్నీ దగ్గరుంటేనే కనిపిస్తాయి. మన ఆవలింత కూడా ఆవిడకు కనిపిస్తుందనుకోండి. సభలో ఆవలింత ఎవరికి వారి సొంత విషయం. ఇంట్లో అది విమర్శ!

పోనీ, ఇదేమన్నా మేం కనిపెట్టిన కొత్త సంగతా అంటే కాదు. రాజుగారి కొలువు వద్దనుకున్న త్యాగరాజస్వామి పాడుకున్నది తిరువయ్యారులో తన ఇంట్లో. శిష్యులు నేర్చుకున్నదీ అక్కడే. ఎక్కడో వియన్నాలో 1820లలో షూబర్ట్ అనే ఆయన కొత్త పాట కట్టినప్పుడల్లా స్నేహితుల ఇళ్ళలో పియానో చుట్టూ చేరి వినేవారు. 2009లో లండన్‌లో కొందరు కుర్రవాళ్ళు సోఫార్ సౌండ్స్ అని మొదలుపెట్టి దేశదేశాల్లో ఇళ్ళలో పాటలు పెట్టించారు. ఆ పేరుకు అర్థమే "ఒక గదిలోంచి పాటలు" ట. ఇక అమెరికాలో మనవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచీ త్యాగరాజ ఆరాధన పెద్ద ఎత్తున చేస్తున్నారు. ఇక్కణ్ణించి వెళ్ళిన విద్వాంసులు ఆ సభలతో పాటు ఇళ్ళ బేస్‌మెంట్లలోనూ పాడి వస్తారు. మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో అలాంటి కచేరీ ఒకటి పెట్టి ఫోటోలు పంపింది. జంపఖానా, దీపం, తంబురా, పట్టుచీరలు, అంతా కన్నుల పండుగగా ఉంది. అన్ని ఫోటోలూ వెతికితే ఒక్కదాంట్లో కనిపించింది మా పిల్ల. పైన వంటింట్లో నిలబడి పులిహోర కలుపుతోంది.

అదీ అసలు సంగతి. ఇళ్ళల్లో జరిగిన కచేరీల గురించి ఎవరు రాసినా ఎవరు పాడారో రాస్తారు, ఏ రాగం ఎంతసేపు పాడారో రాస్తారు. అంతసేపూ ఆ ఇంటి ఇల్లాలు ఎక్కడుందో మాత్రం రాయరు.

మా మామగారిది కర్నూలు నుంచి వచ్చిన ఉద్యోగం. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కర్నూల్లో ఉన్న ఆఫీసులన్నీ హైదరాబాదు తరలివచ్చినప్పుడు ఆయన ఫైళ్ళతో పాటు వచ్చి చిక్కడపల్లిలో రెండు గదుల వాటాలో దిగారు. అలా వచ్చినవాళ్ళలో సంగీతం పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు కలిస్తే చాలు, ఎవరింట్లోనో ఒకరింట్లో పాట పెట్టించేవారుట. గానసభ ఇంకా పుట్టని రోజులు. మా అత్తగారికి సంగీతం వచ్చు. మామగారికి రాదు, సరదా మాత్రం ఉంది. సంగీతం రాని ఆయన ముందువరసలో కూచునేవారు. వచ్చిన ఆవిడ గోడకవతల ఉండేవారు.

"పల్లవి ఎత్తుకునేసరికి పాలు పొంగేవే. చరణానికి పకోడీ వాయ. నాకు దక్కింది అనుపల్లవి ఒక్కటే" అనేవారు అత్తగారు. నవ్వుతూనే అనేవారు. హాల్లోంచి "భేష్" అన్న కేక వినిపిస్తే సరిగ్గా అక్కడ మంచి సంగతేదో పడి ఉంటుందని ఊహించుకుని, మర్నాడు గిన్నెలు తోముకుంటూ దాన్ని తనే పూర్తి చేసుకునేవారుట. అంత సంగీతం వచ్చినావిడ పేరు ఆ రోజుల్లో మూడు పేటల్లోనూ దేనికి మారుమోగిందో తెలుసాండీ? ఉల్లిపాయ పకోడీకి!

మా తరానికొచ్చేసరికి పరిస్థితి మెరుగైందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆడపిల్లకు మొదటి గృహకచేరీ ఏదో మీకూ తెలుసు. పెళ్ళిచూపులు. ఆ ఒక్క పాట కోసం సరళీస్వరాల దగ్గర్నుంచి ఆరేడేళ్ళు నేర్పించేవారు. వినడానికొచ్చిన రసికులు బజ్జీల పళ్ళెం చేత్తో పట్టుకుని వినేవారు. పాట అయ్యాక "వంటొచ్చా అమ్మాయ్?" అని అడిగేవారు. రాగం పేరడిగినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. పెళ్ళయ్యాక ఆ రెండో ప్రశ్నే మిగిలేది. వీణ అటకెక్కేది. ఎంతమందికి అదే మొదటి కచేరీ, అదే ఆఖరి కచేరీ అయిందో లెక్క తీస్తే ఒక్క అశోక్‌నగర్‌లోనే ఓ గానసభ నిండుతుంది.

వేదికెక్కినవాళ్ళకు మాత్రం సుఖమా? పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటి మృదంగ విద్వాంసుడు ఆడవాళ్ళ పాటకు చాలా ఏళ్ళు వాయించనేలేదు. డి.కె. పట్టమ్మాళ్ విషయంలోనే ఆ పట్టు సడలించారు. అన్నట్టు, ఆయనా ఆవిడా వియ్యాలవారు. ఆయన కూతురే ఆవిడ కోడలు. విద్వత్తు చెయ్యలేని పని వియ్యం చేసిందనకండి, అంత మాట నేననను.

ఈ వరస కంతటికీ పూర్తిగా ఎదురుగా నిలబడ్డ ఇల్లొకటుంది. అది మద్రాసు జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ ఇల్లు. 1867లో పుట్టి 1938లో పోయిన మనిషి. శుక్రవారం సాయంత్రం తన ఇంట్లో వీణ వాయించేవారు. వినాలనుకున్నవాళ్ళు, వాళ్ళెంత పెద్ద విద్వాంసులైనా సరే, అక్కడికే వచ్చి కిక్కురుమనకుండా కూచునేవారు. నాదం అంత మెత్తన కనక పక్కవాడు దగ్గినా పాట పోతుంది. అక్కడ వినిపించినవి చాలావరకు మన క్షేత్రయ్య పదాలూ, జావళీలూ. అంటే తెలుగు పాటలే. కృష్ణాజిల్లా మొవ్వలో పుట్టిన మాట మద్రాసులో ఓ ఇంట్లో అంత భద్రంగా ఉందన్నమాట. నాకు మాత్రం ఆ కథలో నచ్చిందేమిటంటే, ఆ ఇంట్లో ఇల్లాలూ విద్వాంసురాలూ ఒక్కరే. శుక్రవారం సాయంత్రం ఆవిణ్ణి "ఇంకో గ్లాసు కాఫీ ఉందా అండీ" అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

మనం ధనమ్మాళ్ళం కాము కదా. అంచేత ఇంకో ఉపాయం ఆలోచించవలసి వచ్చింది.

మా హాల్లోంచి వంటింట్లోకి ఒక్కటే తలుపు. మొదటిసారి కచేరీ మా ఇంట్లో అనుకున్నప్పుడు గాయనిని ఎక్కడ కూచోబెట్టాలని చర్చ వచ్చింది. మావారు కిటికీ పక్కన అన్నారు. మా అబ్బాయి టి.వి. కింద అన్నాడు. నేను ఆ తలుపు మూసి, దానికి అడ్డంగా జంపఖానా మీద పట్టుదుప్పటి పరిచేశాను. అక్కడ కూచుని ఆవిడ శ్రుతి కలుపుకుంది. ఇంక రెండుగంటలపాటు ఆ తలుపు తెరవాలంటే సాక్షాత్తూ సరస్వతీదేవిని పక్కకు జరగమనాలి.

"మరి కాఫీ?" అన్నారు మావారు, గొంతు తగ్గించి.

కాఫీ ముందే కలిపి మూడు ఫ్లాస్కుల్లో పోసి బాల్కనీలో పెట్టాను. మంచినీళ్ళ కూజా అక్కడే. పాట అయ్యాక ఎవరి గ్లాసు వాళ్ళు పోసుకోవలసిందే. దానికి తోడు కాసిని బిస్కట్లు. దూరపు చుట్టం ఒకావిడ "ఇంటికి పిలిచి ఒక్క ఉప్మా అయినా పెట్టలేదు" అని ఆర్నెల్లు చెప్పుకుందిట. చెప్పుకోనివ్వండి. ఉప్మా రోజూ ఉంటుంది.

ఉప్మా అంటే గుర్తొచ్చింది. వంటిల్లు మూసేముందు ఒక్కటి మాత్రం బయటికి తీసి పెట్టుకోవాలి. బొంబాయి రవ్వ. మృదంగానికి కుడివైపున్న నల్లటి వలయం ఎప్పుడూ ఉండేదే కానీ, ఎడమవైపు తొప్పికి మాత్రం కచేరీ ముందు తడిపిన రవ్వముద్ద అద్ది, అయ్యాక గీకి తీసేస్తారు. ఆ ముద్ద లేకపోతే ఆ గంభీరమైన నాదం పలకదు. మొదటిసారి ఆయనొచ్చి "అమ్మా, కొంచెం రవ్వ ఇప్పిస్తారా" అంటే, పాపం ఆకలేస్తోంది కాబోలనుకుంది మా పక్కింటావిడ. ఇంకో సంగతి. మృదంగం ఆయన కుడిచేతివాటమో ఎడమచేతివాటమో ముందే ఫోనుచేసి కనుక్కోవాలి. కుడిచేతివాటమైతే గాయనికి కుడిపక్కన కూచుంటారు, మోగే ముఖం మనవైపు ఉండాలి కదా. ఎడమచేతివాటమైతే వయొలినూ మృదంగమూ చోట్లు మార్చుకుంటాయి. సభలో ఇదేమంత పట్టదు. ఇంట్లో అయితే, ఆ పక్కన మీ ఫ్రిజ్జు ఉండవచ్చు. అన్నట్టు, పాట జరుగుతున్నంతసేపూ ఫ్రిజ్జు ఆపేయండి. గాయని అయిదున్నర శ్రుతిలో పాడుతుంటే అది ఇంకేదో శ్రుతిలో మూలుగుతూ ఉంటుంది. ఎదురింటి కుక్కరు కూతకు మాత్రం మనం చెయ్యగలిగిందేమీ లేదు.

ఇంట్లో కచేరీవల్ల అందరికంటే లాభపడింది తని ఆవర్తనం. సభల్లో మృదంగం ఒంటరిగా మొదలవగానే జనం లేచి కాఫీకి వెళ్ళడం ఎప్పటినుంచో ఉన్న దురలవాటు. మా హాల్లో లేవాలంటే ఇరవై మోకాళ్ళు దాటాలి. అంచేత అందరూ కూచుంటారు. కూచున్నాక చెవి అదే పని చేస్తుంది. తాళం వెయ్యడం రాని మావారు కూడా రెండో కచేరీకల్లా అరుదిలో ఆఖరి దెబ్బ ఎక్కడ పడుతుందో పట్టేసి, అందరికంటే ముందు తలూపడం మొదలుపెట్టారు.

ఇక డబ్బు సంగతి. దీన్ని గురించి మాట్లాడితే మర్యాద కాదనుకునేవాళ్ళు మనలో చాలామంది. వెనకటి రోజుల్లో ఇంటికొచ్చి పాడిన ఆవిడకు రెండు అరటిపళ్ళు, తమలపాకులు, ఓ రవికలగుడ్డ ఇచ్చి "మీకు సరస్వతీ కటాక్షం ఉందండీ" అని సాగనంపేవారు. ఆ రవికలగుడ్డ కూడా ఎవరో మనకు పెట్టిందే. మూడు పేటలూ తిరిగి తిరిగి మళ్ళీ మన బొట్టుపెట్టెకే వచ్చిన గుడ్డలు నేనెరుగుదును. సరస్వతీదేవి కటాక్షిస్తుంది కానీ ఆవిడ కరెంటు బిల్లు కట్టదు కదా. మేం నాలుగిళ్ళవాళ్ళం సమానంగా వేసుకుని, గాయనికీ, పక్కవాద్యాలవాళ్ళకీ ముందు ఒప్పుకున్న మొత్తం కవర్లలో పెట్టి, పాట మొదలవకముందే ఇచ్చేస్తాం. అయ్యాక ఇస్తే ఆ కవరు ఎప్పుడొస్తుందా అని పాపం వాళ్ళు చల్లారిన కాఫీతో నిలబడాలి. మృదంగం వచ్చి వెళ్ళే ఆటో ఖర్చు వేరు. తాంబూలం కూడా ఇస్తాం, అది తాంబూలమే. జీతం కాదు.

పిలవని శ్రోతలు కూడా వస్తుంటారు. అశోక్‌నగర్ ఇప్పుడు వెనకటి అశోక్‌నగర్ కాదు. ముందు వరండా, వెనక జామచెట్టు ఉన్న ఇళ్ళు చాలామటుకు పోయి అపార్టుమెంట్లూ, హాస్టళ్ళూ వచ్చాయి. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గరనీ, కోచింగు సెంటర్లు ఉన్నాయనీ, గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలు ఊళ్ళనుంచి వచ్చి ఇక్కడ గదుల్లో ఉంటారు. ఓసారి వాకిట్లో నలభై జతల చెప్పులు చూసి, ఏం జరిగిందో అని కంగారుపడి ఒకమ్మాయి పైకి వచ్చింది. ఖమ్మం దగ్గర ఏదో ఊరుట. గుమ్మంలోనే మెట్టుమీద కూచుని చివరిదాకా విని, "మా అమ్మ బతుకమ్మకు పాడతది ఆంటీ, ఊరంతా ఆమె వెనకే అందుకుంటది. అక్కడ ఊకె కూసొని వినేటోళ్ళుండరు" అంది. నాకు సమాధానం తోచలేదు. మంగళం వచ్చినప్పుడు అందరం గొంతు కలిపితే బాగుండునని అప్పుడే అనిపించింది. ఆ తర్వాతి నెల నుంచీ కలుపుతున్నాం. శ్రుతి సంగతి అడక్కండి.

మొన్న చిక్కడపల్లిలో జరిగిన కచేరీకి ఆ ఇంటావిడ మేనత్తగారు వచ్చారు. ఎనభైకి దగ్గర్లో ఉన్నారు. సోఫా స్థానం ఇస్తే వద్దని, మోకాళ్ళు సహకరించకపోయినా ముందువరసలో పీట వేయించుకున్నారు. అక్కడా వంటింటి తలుపు మూసేసే ఉంది. మొదటి పావుగంట ఆవిడ రెండుమూడుసార్లు లేవబోయారు. ఏం కావాలమ్మా అంటే, "ఏం లేదే, అలవాటు" అన్నారు. తర్వాత కుదురుకున్నారు.

పాట అయి, అందరూ ఫ్లాస్కుల దగ్గర చేరినప్పుడు ఆవిడ గాయనిని పిలిచి, "అమ్మాయ్, ఆ కీర్తన చరణంలో రెండో సంగతి మాకింకోలా చెప్పారే మా మాస్టారు" అన్నారు. ఆ అమ్మాయి కాఫీ గ్లాసు కింద పెట్టేసి, ఆవిడ పీట ముందు చతికిలబడి, "ఏదీ, అనండి మామ్మగారూ" అంది. తంబురా పెట్టె ఇంకా మోగుతూనే ఉంది. ఆవిడ గొంతు సవరించుకున్నారు. పైస్థాయి అందలేదు. అందినంతవరకు పాడి, అందని చోట చేత్తో గాలిలో గీసి చూపించారు. గాయని అది పట్టుకుని తిరిగి పాడింది. "అదీ!" అన్నారావిడ. మళ్ళీ పాడించుకుంది, ఇంకోసారి పాడించుకుంది, ఫోనులో రికార్డు చేసుకుంది. కాఫీ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో అక్కడే నిలబడిపోయారు.

వాళ్ళాయన సోఫాలోంచి, "పెళ్ళిచూపుల్లో పాడింది ఇదే. నాకిప్పటికీ జ్ఞాపకం" అన్నారు గర్వంగా.

"అది కాదండీ" అన్నారావిడ, వెనక్కి తిరక్కుండానే. "ఆ రోజు అది పాడింది మా అక్కయ్య."

ఇప్పుడావిడ తర్వాతి కచేరీకి కూడా వస్తానని కబురు పెట్టారు. తనకు వచ్చినవి ఇంకో మూడు కీర్తనలున్నాయిట, ఆ అమ్మాయినే పిలవమన్నారు. ఈసారి వంతు నారాయణగూడవాళ్ళది. వాళ్ళది కొత్త ఫ్లాటు, హాలు పెద్దదే. కానీ వంటిల్లు హాల్లోనే కలిసిపోయి ఉంది, ఓపెన్ కిచెన్ ట. తలుపే లేదు. గాయనిని దేనికి అడ్డంగా కూచోబెట్టాలో తేలక, ఈ ఆదివారం మేం నలుగురం టేపు పట్టుకుని కొలతలకు వెడుతున్నాం.